ముఖం లేని బొమ్మ

నా చిన్నప్పుడు మా ఇంటి డాబా మీద రాజుల బట్టలు ఆరుతుండేవి. మఖమల్ కోట్లు, జరీ ఉత్తరీయాలు, మునుల కాషాయాలు, రాణుల పట్టుచీరలు, వాటి మధ్య నా స్కూలు గౌను, తమ్ముడి చెడ్డీలు, అన్నీ ఒకే తాడు మీద. విజయవాడ వన్‌టౌన్‌లో కొండవాలున ఉన్న మా ఇంటిని చుట్టుపక్కలవాళ్ళు డ్రామా సాయిబు గారి ఇల్లు అనేవారు. ఆ సాయిబు గారు మా అమ్మకి నాన్న. ఇంట్లో మేం ఆయన్ని ‘నానా’ అని పిలిచేవాళ్ళం. ఆ పిలుపు విని పక్కింటి పిల్లలు ఆయనే మా నాన్న అనుకునేవారు. చదివేవాళ్ళకి ఆ తికమక వద్దు గనక ఇక్కడ తాతయ్య అనే రాస్తాను. మా నాన్న హనుమాన్ జంక్షన్‌లో లారీలు బాగుచేసేవాడు. ఆదివారాలు తప్ప ఇంట్లో కనిపించేవాడు కాదు. అందుకని నేనూ తమ్ముడూ తాతయ్య దగ్గరే, రంగుల వాసనలో పెరిగాం.

తాతయ్య పౌరాణిక నాటకాలకు తెరలు రాసేవాడు, బట్టలు కుట్టేవాడు, అట్టతోనూ తగరంతోనూ కిరీటాలు చేసేవాడు. ఇటు మైలవరం నుంచి అటు సముద్రపు ఒడ్డు దాకా నాటక సమాజం ఉన్న ప్రతి ఊరివాళ్ళకీ మా గడప తెలుసు. చింతపిక్కల పొడి ఉడికించిన జిగురులో రంగులు కలిపి, గుడ్డని డాబా మీద పరిచి, దాని పక్కన గొంతుక్కూర్చుని రాసేవాడు. ఒకటి రాజసభ, ఒకటి అడవి, ఒకటి వీధి, ఒకటి శ్మశానం. ఈ నాలుగు తెరలుంటే ఏ నాటకమైనా నడిచిపోతుందనేవాడు. వాటన్నిటిలోకీ నాకు శ్మశానం తెరంటే ప్రాణం. ఎర్రగా లేచే మంటలు, పుర్రెలు, ఎండుకొమ్మ మీద గుడ్లగూబ, మూలన పళ్ళు బయటపెట్టిన నక్క. ఆ నక్కకి తోక రాసింది నేనే. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. తాతయ్య దాన్ని దిద్దకుండా అలాగే ఉంచేశాడు.

పదేళ్ళు వచ్చేసరికి నాకు ముఖాలు రాయడం అబ్బింది. ముఖాల దగ్గర ఈ పిల్ల నన్ను మించిపోతుందని తాతయ్య ఒకసారి అమ్మతో అంటుంటే తలుపు చాటు నుంచి విన్నాను. పిల్లలకి ఎదురుగా చెప్పిన నీతులకంటే చాటుగా విన్న మెప్పు ఎక్కువ గుర్తుంటుంది. ఆ మాట నాలో బాగా పాతుకుపోయింది. కనిపించిన ప్రతి గోడ మీదా, ప్రతి కాగితం మీదా ముఖాలు రాసేదాన్ని.

సముద్రం ఊళ్ళ మీదికి వచ్చిపడిన ఉప్పెనకి ఏడాది కావస్తున్న రోజులవి. విజయవాడలో మేం గాలీ వానా చూశాంగానీ ఉప్పెన చూడలేదు. బడిలో పాత బట్టలు పోగుచేసి పంపారు. అమ్మ నా గౌను కూడా ఒకటి ఇచ్చింది. అంతటితో మా బతుకులు మళ్ళీ మామూలుగా నడిచిపోయాయి. అలాంటప్పుడు ఒక మధ్యాహ్నం నాగాయలంక అవతలి నుంచి ఇద్దరు మనుషులు మా మెట్లెక్కి వచ్చారు. ఒకాయన తెల్లపంచె కట్టుకున్న బడి మాస్టారు. వాళ్ళ ఊరి సమాజంలో రాజు వేషం ఆయనది. రెండో ఆయన చేపలు పట్టే మనిషి. నల్లగా, దిట్టంగా, వెడల్పాటి భుజాలతో ఉన్నాడు. వలతాళ్ళు ఒరుసుకుని అరచేతులు కాయలు కాశాయి. ఆయన రాణి వేషం వేస్తాడని మాస్టారు చెప్పగానే నాకు నవ్వొచ్చింది. మా అమ్మమ్మ కళ్ళెర్రజేసేసరికి నోరు మూసుకున్నాను.

వాళ్ళు ఆడే నాటకం తెలియని ఊరు మా వైపు లేదు. అన్న మాట కోసం రాజ్యాన్నీ ఆలుబిడ్డల్నీ వదులుకుని కాటికాపరిగా నిలబడ్డ రాజు కథ. ఆఖరి రంగంలో రాణి, పాము కరిచి చనిపోయిన కొడుకుని చేతుల మీద మోసుకుంటూ శ్మశానానికి వస్తుంది. బిడ్డ ముఖం మీది గుడ్డ తీసి ఏడుస్తుంది. ఆమె ఎవరో తెలియక రాజే ఆమెను అడ్డగిస్తాడు.

“మా నాటకం పెట్టె సముద్రం పట్టుకుపోయింది సాయిబు గారూ,” అన్నాడు మాస్టారు. “ఆడేవాళ్ళలో కూడా సగం మందిమే మిగిలాం. ఏడాది నాడు ఊరంతా ఒకచోట కూర్చోవాలని మావాళ్ళ కోరికండి. దినాలు చేసుకుందామన్నా చాలామందికి మనిషి దొరకలేదు, గుర్తు దొరకలేదు. ఆట ఒక్కటే మిగిలింది. ఆఖరి రెండు రంగాలు ఆడుకుంటే చాలు.”

తాతయ్య నన్ను టీ తెమ్మని పంపాడు. నేను గ్లాసులు పట్టుకుని తిరిగొచ్చేసరికి మాటలు ఆగిపోయి ఉన్నాయి. తాతయ్య కళ్ళజోడు తీసి లుంగీ అంచుతో తుడుచుకుంటున్నాడు. చేపల మనిషి కిటికీలోంచి కిందనున్న ఇళ్ళ కప్పుల వైపు చూస్తున్నాడు. నేను లేనప్పుడు ఏదో చెప్పుకున్నారని తెలిసిందిగానీ, పెద్దవాళ్ళ సంగతులు అలాగే ఉంటాయి కదా అని పట్టించుకోలేదు.

తర్వాత తాతయ్య టేపు తీసి కొలతలు తీసుకున్నాడు. భుజాలు, నడుము, చేతుల పొడవు. చివరికి, నాటకంలో బిడ్డగా పడుకోబెట్టడానికి బొమ్మ కావాలన్నారుగా, ఎంత ఉండాలని మెల్లిగా అడిగాడు. మామూలుగా ఆ వేషానికి ఊళ్ళో పిల్లాణ్ణే ఎవరినో పడుకోబెడతారు, బొమ్మ ఎందుకని నాకు అనుమానం వచ్చింది. చేపల మనిషి చెయ్యి కిందికి చాచి, తన నడుము ఎత్తున గాలిలో అరచెయ్యి నిలిపి చూపించాడు. తాతయ్య వంగి ఆ అరచేతి కింద నుంచి నేల దాకా టేపు పట్టాడు. కొలిచి లేచిన తర్వాత కూడా ఆ మనిషి చెయ్యి అక్కడే ఉంది.

వాళ్ళు వెళ్ళాక పని మొదలైంది. మా శ్మశానం తెర పెట్టెలోంచి తీస్తారనుకుని నేను సంబరపడ్డాను. తాతయ్య దాన్ని ముట్టుకోనే లేదు. కొత్త గుడ్డ పరిచాడు. మొదట నీలం కలిసిన బూడిదరంగు వేసి, ఆరాక దూరంగా నిలబడి చూసి, సముద్రంలా ఉందని కడిగించేశాడు. రెండోసారి నల్లగా వచ్చింది, అదీ వద్దన్నాడు. మూడోసారి పొయ్యిలో బూడిద జల్లించి, సున్నం కలిపి, చిటికెడు పసుపుమట్టి వేశాడు. వెలుగు రాబోయే ముందు ఆకాశం ఉండే రంగు వచ్చింది. అంతే. మంట లేదు, పుర్రె లేదు, నక్క లేదు. ఇదేం శ్మశానం అని నేను మూతి ముడుచుకుంటే, “ఉప్పెన తీశాక వాళ్ళు మంటలు చూసే ఉన్నారు బేటీ,” అన్నాడు.

రాణి చీర కూడా అంతే. మా పెట్టెల్లో కష్టాల్లో ఉన్న రాణుల కోసం ఎర్రపట్టు మీద రంగురంగుల మాసికలు వేసిన చీరలుండేవి. దూరం నుంచి చూసేవాళ్ళకి చిరుగులు మెరుస్తూ కనిపించేవి. తాతయ్య వాటిని కాదని ముతక నేతచీర ఒకటి తెప్పించి, కరక్కాయ నీళ్ళలో ఉడకబెట్టి, ఎండలో వారం రోజులు వెలిసిపోనిచ్చాడు. బిడ్డని మోసే ఆడమనిషికి చీర ఎక్కడెక్కడ నలుగుతుందని అమ్మమ్మని కూర్చోబెట్టి అడిగాడు. అమ్మమ్మ ఎడమ భుజం, ఎడమ నడుము చూపించింది. ఆ రెండు చోట్ల మాత్రం చీరని రాతి మీద రుద్ది పల్చన చేశాడు. రాజుకి ఒక గొంగళి, ఒక కర్ర, అంతే.

బొమ్మ మాత్రం నా చేతికి ఇచ్చాడు. పాత దుప్పటి గుడ్డతో ఒళ్ళు కుట్టి, దూది కూరి, కాళ్ళలోనూ చేతుల్లోనూ సన్నటి ఇసుక సంచులు పెట్టాలి. మోసేవాడికి బరువు తెలియాలి, కీళ్ళు వదులుగా ఉండాలి. దానికోసం ఒక మధ్యాహ్నం తాతయ్య, నిద్రపోతున్న మా తమ్ముణ్ణి చేతుల మీద ఎత్తుకుని నిలబడి, తల ఎలా వాలుతుందో, చెయ్యి ఎలా వేలాడుతుందో నన్ను చూడమన్నాడు. అమ్మమ్మ పరుగున వచ్చి పిల్లాణ్ణి లాక్కుని, అల్లా పేరు తలుచుకుని, ఆ రోజంతా తాతయ్యతో మాట్లాడలేదు. నేను మాత్రం చూడాల్సింది చూశాను. నాలుగు రోజులు కుట్టాను. ఎత్తుకుంటే నిజంగా నిద్రపోయిన పిల్లాడిలా చేతుల్లో వాలిపోయింది. తాతయ్య ఎత్తి చూసి, దాని తలని మెల్లిగా భుజానికి ఆనించుకున్నాడు.

“ముఖం ఎప్పుడు రాయను?” అన్నాను.

“ముఖం వద్దు. ముక్కు దగ్గర కాస్త ఎత్తు ఉంది కదా, చాలు. గుడ్డ చుట్టేసెయ్.”

నాకు ఏడుపొచ్చినంత పనైంది. నాటకంలో రాణి గుడ్డ తీసి చూసేదే ముఖాన్ని. అక్కడ బోసిగుడ్డ ఉంటే చూసేవాళ్ళు నవ్వరూ? నా పని బాగుండటం తాతయ్యకి ఇష్టం లేదేమో అన్నంత దూరం వెళ్ళింది నా ఆలోచన. శుక్రవారం ఆయన జుమ్మా నమాజుకి వెళ్ళినప్పుడు నూనెరంగు డబ్బాలు తీశాను. తమ్ముడు పక్కనే చాప మీద నిద్రపోతున్నాడు. వాణ్ణి చూస్తూ కనురెప్పలు, కొద్దిగా తెరుచుకున్న పెదాలు, చెంప మీద పడిన జుట్టు, అన్నీ రాశాను. నా జన్మలో అంతకు ముందు అంత బాగా ఏదీ రాయలేదు. దాన్ని అటక మీద దాచి, మర్నాడు రంగు ఆరాక గుడ్డ ఎప్పటిలా చుట్టి, పెట్టెలో అడుగున పెట్టి, పైన చీర మడతపెట్టాను. గుడ్డ తీసిన క్షణాన అందరూ అబ్బురపడతారనీ, అప్పుడు తాతయ్య కూడా ఒప్పుకోక తప్పదనీ నా లెక్క.

ఆదివారం పొద్దున్నే తాతయ్యా నేనూ పెట్టెతో బస్సెక్కాం. అవనిగడ్డ దాటాక కిటికీలోంచి చూస్తుంటే తాటిచెట్లకు తలలు లేవు. చాలా చోట్ల పాత ఇళ్ళ అరుగులు మాత్రం ఉన్నాయి, వాటి మీద ఇళ్ళు లేవు. ఊళ్ళో కొత్త పాకలు వరసగా ఉన్నాయి. బడి కోసం వేసిన రేకుల షెడ్డు ముందు మట్టిదిబ్బ చదును చేసి, వెదురు బొంగులు పాతి స్టేజీ కట్టారు. తాతయ్య బూడిదరంగు తెర కట్టించాడు. సాయంత్రం ఆటకి ముందు ఒకసారి చూసుకుందామని పదకొండు గంటలకు అందరూ చేరారు. అరుగు మీద నలుగురైదుగురు ఆడవాళ్ళు బియ్యం ఏరుతూ కూర్చున్నారు.

చేపల మనిషి ఆ వెలిసిన చీర కట్టుకుని, ముఖానికి రంగు లేకుండా, బొమ్మని చేతుల మీద మోసుకుంటూ వచ్చాడు. మొదటిరోజు నవ్విన నాకు ఈసారి నవ్వు రాలేదు. ఆ వెడల్పాటి భుజాలు ఎక్కడికి పోయాయో తెలియదు, నడుస్తున్నది ఒక తల్లే. కింద కూర్చుని బొమ్మని ఒళ్ళోకి తీసుకుని, పద్యం ఎత్తుకోబోతూ ముఖం మీది గుడ్డ తీశాడు.

పద్యం రాలేదు. హార్మోనియం శ్రుతి ఒక్కటే కాసేపు సాగి, తర్వాత అదీ ఆగిపోయింది. ఆయన బొటనవేలు బొమ్మ కనురెప్ప దాకా వెళ్ళి, తాకకుండా ఆగింది. తర్వాత గుడ్డ మళ్ళీ కప్పాడు. బొమ్మని చాప మీద పడుకోబెట్టి, తల పక్కకి వాలకుండా సర్దాడు. ఆ చీరతోనే లేచి, ఎవరినీ చూడకుండా కరకట్ట వైపు నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. అరుగు మీద ఒక ముసలామె చేటని పక్కన పెట్టి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మాస్టారు తాతయ్య దగ్గరికి వచ్చాడు. గొంతు పెంచకుండానే అడిగాడు.

“మీకు అన్నీ చెప్పానుగదండీ సాయిబు గారూ. వాళ్ళ పిల్లోడు ఈ ఆటలోనే ఈ వేషమే వేసేవాడని చెప్పానుగదా. నాలుగేళ్ళ వయసు నుంచీ తండ్రి ఒళ్ళోనే చచ్చిపోయినట్టు పడుకునేవాడండి. ఉప్పెనలో పోయాడు, మాకు దొరకను కూడా లేదు. ఊళ్ళో ఎవరూ తమ పిల్లల్ని పడుకోబెట్టలేమన్నారనేగా బొమ్మ అడిగాం. ముఖం పెట్టొద్దని అంతగా చెప్పి వచ్చానే.”

తాతయ్య తల తిప్పి నావైపు ఒక్కసారి చూశాడు. ఒక్కసారే. తర్వాత మాస్టారి ఎదుట తల వంచి నిలబడ్డాడు.

“పొరపాటు నాదే మాస్టారూ. చేతికి అలవాటైపోయి వేసేశాను. పెద్దవాణ్ణయ్యాను, మన్నించండి.”

తాతయ్య ఒకరి ముందు తల వంచడం నేను అంతకు ముందు చూడలేదు. తిట్టి ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. కొట్టినా సరిపోయేది. చుట్టూ ఉన్నవాళ్ళు ఆయన్ని చూసే చూపు, ఆ చూపు కింద తెల్లటి గడ్డంతో నిలబడ్డ ఆ మనిషి, అది మాత్రం భరించలేకపోయాను. ముఖం వేసింది నేను, తాతయ్య వద్దంటే దొంగతనంగా వేశాను, అని గట్టిగా అరిచాను. ఎవరేమన్నారో వినకుండా కరకట్ట మీదికి పరుగెత్తాను.

చేపల మనిషి కట్ట మీద సముద్రానికి వీపు పెట్టి కూర్చుని ఉన్నాడు. నేను ఎదురుగా నిలబడ్డాను.

“నువ్వా పాపా ఏసింది?” అని ఆయనే అడిగాడు.

తలూపాను.

“ఎవర్ని సూసి ఏశావు?”

“మా తమ్ముణ్ణండి. నిద్రపోతుంటే.”

“ఎన్నేళ్ళు?”

“ఐదు.”

“మావోడికి ఆరు,” అన్నాడు. నాతో కాదన్నట్టు చెప్పుకుంటూ పోయాడు. “ఆటలో కళ్ళు మూసుకోరా అంటే గట్టిగా బిగించేవోడు. జనం కనిపెడతారు, మెల్లిగా మూసుకో అని పజ్జెం మధ్యలో గుసగుసగా చెప్పేవోణ్ణి. వాడికి నవ్వొచ్చేది. జనమంతా ఏడుస్తుంటే లోపల్లోపల మేం ఇద్దరం నవ్వాపుకునేవాళ్ళం. ఒక్కనాడు కూడా సరిగ్గా మూసుకోలేదు. నువ్వేసిన కళ్ళు సరిగ్గా మూసుకున్నాయి.”

నేను ఏడవడం మొదలుపెట్టాను. చెరిపేస్తానండి, ఇప్పుడే చెరిపేస్తాను, అన్నాను.

“రంగు పోద్దా?”

“పోదండి. నూనెరంగు.”

ఆయన చీర కుచ్చిళ్ళు దులుపుకున్నాడు. ఎండలో ఆ ముతకచీర మీద తాతయ్య రుద్దిన చోటు పల్చగా కనిపిస్తోంది.

“అయితే చెరపమాకు. పైన తెల్లగుడ్డ ఒకటి కుట్టు. లోపలుందని నాకు తెలిస్తే సాలు. పైకి మాత్రం కనపడకూడదు. సాయంత్రం వచ్చేవాళ్ళందరికీ ఇంటికొకడు పోయినోడు ఉన్నాడు పాపా. నువ్వేసిన ముఖం ఒక్కడిదవుద్ది. ఏం లేకపోతే ఎవరి పిల్లోణ్ణి వాళ్ళు సూసుకుంటారు.”

“ఆట ఆడతారా మరి?”

“ఆడకపోతే ఎట్టా? అందరూ వస్తన్నారుగా.” లేచి నిలబడి నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ చేతి గరుకు ఇప్పటికీ నాకు తెలుసు.

మేం వెనక్కి వచ్చేసరికి మాస్టారు తాతయ్య చేతులు రెండూ పట్టుకుని ఏదో చెబుతున్నాడు. తాతయ్య తల అడ్డంగా ఊపుతున్నాడు. నేను పెట్టెలోంచి తెల్లగుడ్డ తీసి, బొమ్మని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కళ్ళనీళ్ళకి సూదిబెజ్జం కనపడలేదు. తాతయ్య పక్కన కూర్చుని దారం ఎక్కించి ఇచ్చాడు. చెవి నుంచి చెవి దాకా, నుదుటి నుంచి గడ్డం కింది దాకా, కుట్టు బయటికి కనపడకుండా కుట్టాను. నేను గర్వంతో రాసిన ముఖం అంగుళం అంగుళం గుడ్డ కిందికి వెళ్ళిపోతుంటే చూశాను. దిగులు లేదు. చేస్తున్న పని ఎవరి కోసమో తెలిసి కుట్టడం నాకు అదే మొదలు.

పొద్దుగూకుతుండగా ఆట మొదలైంది. రెండు పెట్రోమాక్స్ దీపాలు. పక్క ఊళ్ళ వాళ్ళు కూడా వచ్చి ఇసుకలో కూర్చున్నారు. నేను పక్కన తాతయ్యతోపాటు తెరతాడు దగ్గర నిలబడ్డాను. ఆ బూడిదరంగు తెర దీపం వెలుగులో ఏ చోటూ కాకుండా, ఎక్కడో మనకి తెలిసిన చోటే అన్నట్టుగా కనిపించింది. చేపల మనిషి బిడ్డని మోసుకుంటూ వచ్చి, కూర్చుని, గుడ్డ తీశాడు. తెల్లటి ముఖం. ఎవరూ నవ్వలేదు. పద్యం ఎత్తుకున్నాడు. ఆ గొంతు గురించి రాయడం నాకు చేతకాదు. పద్యం మధ్యలో ఒకచోట ఆగి, వంగి, బొమ్మ చెవి దగ్గర ఏదో అన్నాడు. అది ఏ మాటో నాకొక్కదానికే తెలుసు.

రాజు రావలసిన సమయంలో ముందు వరసలోంచి పొద్దున అరుగు మీద కూర్చున్న ముసలామె లేచింది. దిబ్బ ఎక్కి వెళ్ళి, బొమ్మ కాళ్ళ మీది గుడ్డ సరిచేసి, తిరిగొచ్చి కూర్చుంది. ఆమె తర్వాత ఒక చిన్న వయసు తల్లి వెళ్ళింది. తర్వాత ఒక మగమనిషి. ఒకరి వెనక ఒకరు, తోపులాట లేకుండా, మాట లేకుండా వెళ్ళారు. ఒకామె బొమ్మ తల నిమిరి ఒక పేరు పిలిచింది. తర్వాతామె పిలిచింది ఇంకో పేరు. గొంగళి కప్పుకున్న మాస్టారు కర్ర పట్టుకుని తెర పక్కన ఆగిపోయి, ఎవరినీ ఆపలేదు. ఆట ఆగిపోయింది కదా, తెర దించాలేమో అని నేను తాడు మీద చెయ్యి వేశాను. తాతయ్య నా చెయ్యి మీద తన చెయ్యి వేసి అలాగే పట్టుకున్నాడు. చివరి మనిషి తిరిగొచ్చి కూర్చునేదాకా తెర దిగలేదు. ఆ తర్వాత రాజు నడిచి వచ్చాడు, నాటకం ఆఖరు దాకా జరిగింది.

బొమ్మ మాతో తిరిగి రాలేదు. తాతయ్య అడగలేదు, వాళ్ళు ఇవ్వలేదు.

మర్నాడు పొద్దున బస్సులో చాలాసేపు కూర్చున్నాక, మాస్టారికి ఎందుకు అబద్ధం చెప్పావని తాతయ్యని అడిగాను. మాట తప్పని రాజు కథ చూసి వస్తూ ఆ ప్రశ్న నన్ను తొలుస్తూనే ఉంది.

“వేసింది నువ్వేగానీ తప్పు నాదే బేటీ,” అన్నాడు. “ఆ పిల్లాడి సంగతి ఆరోజే నీకు చెప్పాల్సింది. పదేళ్ళ పిల్ల, ఈ బరువు ఎందుకులే అనుకున్నాను. కుట్టే చేతికి, కుడుతున్నది ఎవరి కోసమో చెప్పకుండా పని చేయించాను. చెప్పి ఉంటే నువ్వు వేసేదానివా?”

వేసేదాన్ని కాదు. అది ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. దొంగతనంగా వేసినందుకు నేను క్షమాపణ చెప్పాను. చెప్పనందుకు తాతయ్య నాకు క్షమాపణ చెప్పాడు. ఒక పెద్దమనిషి ఒక చిన్నపిల్లకి నిజంగా క్షమాపణ చెప్పడం అంతకు ముందు నేను చూడలేదు. ఆ తర్వాత కూడా ఎక్కువగా చూడలేదు.

నేను చివరికి తాతయ్య పనిలోనే స్థిరపడ్డాను. ఇప్పుడు పటమటలో మా ఇంటి పై అంతస్తులో బట్టలు కుడతాం, తెరలు రాస్తాం. నాటక పరిషత్తుల వాళ్ళూ కాలేజీ పిల్లలూ ఫోన్లలో బొమ్మలు చూపించి, మేడమ్ గారూ, అచ్చం ఇలాగే కావాలంటారు. సరేనంటాను. కానీ గుడ్డ కత్తిరించే ముందు ఆ వేషం వేసే మనిషిని ఒకసారి పంపమంటాను. కొలతలు పంపిస్తాం కదండీ అంటారు. కొలతలు కాదు, మనిషిని పంపండి అంటాను. వచ్చినవాళ్ళతో కూర్చుని టీ తాగుతాను. ఏం చేస్తారు, ఇంట్లో ఎవరున్నారు, ఈ ఆట ఎందుకు ఆడుతున్నారు, చూడటానికి ఎవరు వస్తారు, ఇవన్నీ అడుగుతాను. కొందరు విసుక్కుంటారు. కొందరు మాత్రం, ఎవరితోనూ చెప్పనివి కూడా చెప్పి వెళతారు.

వాళ్ళు వెళ్ళాక నా దగ్గర పనిచేసే ఆడపిల్లలు ముగ్గుర్నీ పిలుస్తాను. అందరికంటే చిన్నదానికి పద్దెనిమిదేళ్ళు. మిషన్లు ఆపించి, ఆ మనిషి గురించి వాళ్ళకి చెప్పదగ్గది ఏదీ దాచకుండా చెబుతాను, బరువైన సంగతులతో సహా. దానివల్ల పని ఆలస్యమవుతుంది. కానివ్వండి అంటాను.